మూడు బర్నర్ల పొయ్యి: ఏ వంట ఏ బర్నర్ మీద? దిబ్బరొట్టె నడుమ మాడుతోంది, అంచు పచ్చిగా ఉంటోంది

గుణుపురం_వంటిల్లు:

నమస్కారం అండి. మాది ఒడిశాలోని గుణుపురం. ఇంట్లో ఉన్నది గాజు పలక మీద మూడు బర్నర్లున్న గ్యాస్ పొయ్యి. ఎడమ వైపు పెద్దది, కుడి వైపు మధ్యరకం, వెనక నడిమిన చిన్నది. ఏది ఖాళీగా ఉంటే దాని మీద గిన్నె ఎక్కించేయడమే అలవాటు. ఇప్పుడు నాలుగు చోట్ల తేడా వస్తోంది. తెలిసినవాళ్ళు విడదీసి చెబితే మేలు.

మొదటిది దిబ్బరొట్టె. మందపాటి ఇనప మూకుడు, పెద్ద బర్నర్, సిమ్. పావుగంటకి చూస్తే నడుమ నల్లగా మాడిపోతోంది, అంచు చుట్టూ పిండి పచ్చిగానే ఉంటోంది. రెండోది పెసరట్టు. 30 సెంటీమీటర్ల ఇనప పెనం మధ్యరకం బర్నర్ మీద పెడితే నడుమ కరకరలాడుతుంది, అంచు అంటుకుపోయి రాదు. మూడోది చోడి (రాగి) అంబలి. ఎంత సిమ్‌లో పెట్టినా అడుగంటుతోంది.

నాలుగోదే ఎక్కువ బెంగగా ఉంది. పది రోజులుగా మధ్యరకం బర్నర్ మంట కొసలు పసుపుగా వస్తున్నాయి, గిన్నెల అడుగున మసి. బర్నర్ మూత తోమి పెట్టినా అలాగే ఉంది. అదే బర్నర్ సిమ్‌లో పెడితే ఒక్కోసారి ఆరిపోతోంది కూడా.

ఇవి సర్దుకునేవేనా, పొయ్యి మార్చాలా? మార్చాల్సి వస్తే నాలుగు బర్నర్లది తీసుకోవాలా?

పర్లాకిమిడి_సెగ:

పొయ్యి మార్చనక్కర్లేదండి. మసి సంగతి మెకానిక్ పని తెలిసినవాళ్ళు చెబుతారు, వంటల సంగతి నేను చెబుతాను.

ముందు ఒకటి గట్టిగా పట్టుకోండి. పెద్ద బర్నర్‌ని సిమ్‌లో పెడితే అది చిన్న బర్నర్ అయిపోదు. చాలామంది పొరపడేది ఇక్కడే. పెద్ద బర్నర్ సిమ్‌లో కూడా చిన్న బర్నర్ సిమ్ కంటే ఎక్కువ గ్యాసే వదులుతుంది. చిన్న బర్నర్ ఎందుకు ఉందంటే దాని సిమ్ కోసం. గంటసేపు కదలకుండా ఉండాల్సిన వంటకి అదే దిక్కు.

రెండోది, మంట చూడాల్సింది నాబ్ మీద గీత చూసి కాదు, గిన్నె అడుగు చూసి. మంట నాలుకలు అడుగు అంచు దాటి పైకి పాకకూడదు. పక్కల నుంచి పోయే మంట వంటని ఉడికించదు, పిడినీ మూతనీ కాలుస్తుంది. కాఫీ గిన్నె అడుగు 10 సెంటీమీటర్లుంటే దాన్ని పెద్ద బర్నర్ మీద హైలో పెట్టడం గ్యాసు పారబోసుకోవడమే.

ఇక మీ దిబ్బరొట్టె. ఇనుము వేడిని పట్టి ఉంచుతుంది గానీ పక్కలకి పంచడంలో నెమ్మది. అల్యూమినియం అదే వేడిని మూడు నాలుగు రెట్లు చురుగ్గా పంచుతుంది. ఇనప మూకుడుకి మంట ఎక్కడ తగిలితే అక్కడే కాలుతుంది. పైగా మూకుడు అడుగు గుండ్రం, దాని బొడ్డు సరిగ్గా మంటకి దగ్గరగా వేలాడుతుంది. సిమ్‌లో నాలుకలు చిన్నవై బొడ్డుకే తగులుతాయి. గోడలకి సెగ అందదు. అందుకే నడుమ బొగ్గు, అంచు పచ్చి.

ఇలా చేసి చూడండి. మినప్పప్పు ఒక కొలత, బియ్యపు రవ్వ రెండు కొలతలు, పిండి గారెల పిండి కంటే కాస్త జారుగా ఉండాలి. మూకుడు ఖాళీగా పెద్ద బర్నర్ మీద మధ్య సెగలో మూడు నాలుగు నిమిషాలు కాగనివ్వండి. అప్పుడు మంట వెడల్పుగా ఉంటుంది కాబట్టి గోడలు కూడా వేడెక్కుతాయి. రెండు మూడు చెంచాల నూనె వేసి మూకుడిని తిప్పితే నూనె గోడలకి పట్టాలి. రెండు వేళ్ళ మందాన పిండి వేసి, బరువైన మూత పెట్టి, ఇంకో రెండు నిమిషాలు అక్కడే ఉంచండి. ఆ తరువాత మూకుడిని పట్టకారుతో చిన్న బర్నర్ మీదికి మార్చి సిమ్‌లో పెట్టండి. 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది.

ఆ ఇరవై నిమిషాలూ వదిలేయకూడదు. ప్రతి నాలుగైదు నిమిషాలకి మూకుడిని పావు వంతు తిప్పుతూ, తిప్పినప్పుడల్లా బొడ్డు బర్నర్ నడిమి నుంచి రెండు వేళ్ళు పక్కకి జరపండి. ఇలా నాలుగు సార్లు జరిపితే సెగ గోడ చుట్టూ తిరిగొస్తుంది. అంచు మూకుడు నుంచి తనంతట తాను విడివడి, అక్కడ నూనె చిన్న చిన్న బుడగలతో చిటపటమంటే రొట్టె తిరగేసే సమయం వచ్చినట్టు. పైన పిండి తడి పూర్తిగా ఆరాలి. వేలు పెడితే అంటకూడదు. రెండో వైపు మూత లేకుండా 8 నుంచి 10 నిమిషాలు చాలు.

మన పెద్దవాళ్ళు మూత మీద నిప్పులు పోసేవారు కదా, అది పైసెగ కోసమే. గ్యాస్ మీద పైసెగ లేదు కాబట్టి బరువు మూత, ఓపిక ఈ రెండే ఆధారం. ఒరియా వాళ్ళు చేసే కాల్చిన రొట్టె పొడొపిఠాకి కూడా ఇదే కిటుకు, కాకపోతే అది ఇంకా మందం, గంట దాకా పడుతుంది.

పెసరట్టు సమస్యకి మందు దీనికి తలకిందులు. పెనం 30 సెంటీమీటర్లు, మధ్యరకం బర్నర్ సెగ పెనం నడిమిన అందులో సగం మేరకే తగులుతుంది. పెనాన్ని పెద్ద బర్నర్ మీదికి మార్చండి. మధ్య సెగలో ఐదు నిమిషాలు కాలనివ్వండి, హైలో తొందరపడొద్దు. నీళ్ళు చిలకరిస్తే చుక్కలు గోళీల్లా పరుగెత్తాలి. సగం కోసిన ఉల్లిపాయతో నూనె రుద్ది, సెగ తగ్గించి, పిండి నడుమ పోసి తిప్పండి. పోసేటప్పుడు పెనం మరీ మండితే పిండి గరిటకే చుట్టుకుపోతుంది, పలుచగా రాదు. అట్టు పరిచాక సెగ పెంచి, పెనాన్ని నాలుగు వైపులా ఒక్కో వైపు 15 సెకండ్లు జరిపి అంచుని మంట మీదికి తెండి. అట్లు అమ్మే బండ్ల దగ్గర చూడండి, పెనం ఒకచోట నిలకడగా ఉండదు.

చోడి అంబలి అడుగంటేది సెగ వల్ల ఒక్కటే కాదు. పిండి బరువు, అడుక్కి దిగి అక్కడ ముద్దకడుతుంది. ఒక గ్లాసు చోడి పిండి రెండు గ్లాసుల చల్లని నీళ్ళలో ఉండలు లేకుండా కలుపుకోండి. వేరే గిన్నెలో నాలుగు గ్లాసుల నీళ్ళు ఉప్పు వేసి మరిగించండి, నూకలు వేసే అలవాటుంటే అవి ముందే ఉడికిపోవాలి. మరిగే నీళ్ళలో పిండి పోస్తూ తెడ్డుతో అడుగు గీరినట్టు కలుపుతూ ఉండాలి. మధ్య సెగలో మూడు నాలుగు నిమిషాలకి చిక్కబడుతుంది. అంతవరకూ చెయ్యి ఆగకూడదు. చిక్కబడ్డాక పిండి ఇక అడుక్కి దిగదు. అప్పుడు చిన్న బర్నర్ సిమ్ మీదికి మార్చి ఎనిమిది పది నిమిషాలు, మధ్యమధ్య కలిపితే చాలు. మొదటి నుంచీ సిమ్‌లో పెట్టడం వల్లే మీకు అడుగంటుతోంది. నీళ్ళు మరిగేలోపే పిండంతా కిందకి చేరిపోతోంది.

రాయగడ_జెట్టు_కాకు:

మసి సంగతి నేను చెబుతాను. దీన్ని పది రోజులు వదిలేశారు, ఇంక వదలకండి. పసుపు మంట అంటే గ్యాసు పూర్తిగా కాలడం లేదని. మసితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది, దానికి వాసన ఉండదు. బాగుచేసేవరకు ఆ బర్నర్ వాడొద్దు, వంటింటి కిటికీ తెరిచి పెట్టండి.

పొయ్యి లోపల జరిగేది ఇదీ. రెగ్యులేటర్ గ్యాసు బండలోని ఒత్తిడిని సుమారు 30 మిల్లీబార్‌కి తగ్గించి పంపిస్తుంది. నాబ్ కింద కాక్, అంటే గ్యాసు దారిని తెరిచి మూసే కవాటం ఉంటుంది, దాని కొసన ఇత్తడి జెట్. జెట్‌కి గుండుసూది మొన కంటే సన్నని రంధ్రం. అందులోంచి గ్యాసు జోరుగా చిమ్ముతూ, ఎదురుగా ఉన్న గొట్టం నోటి దగ్గర గాలిని తనతో పాటు లాక్కుపోతుంది. గొట్టంలో రెండూ కలిసి బర్నర్ మూత రంధ్రాల దగ్గర మండుతాయి. గాలి తగ్గితే పసుపు, మసి. గాలి ఎక్కువైతే మంట రంధ్రాల నుంచి లేచి గాల్లో తేలుతూ ఊదినట్టు చప్పుడు చేస్తుంది.

మీరు తోమింది మూత. అసలు చూడాల్సింది గొట్టం. ఒకే బర్నర్‌కి, అదీ ఉన్నట్టుండి పసుపు వచ్చిందంటే గొట్టంలో ఏదో అడ్డం ఉన్నట్టే. సాలెగూడు, బొద్దింక గుడ్లు, పొంగిన పప్పు ఎండిన చెక్కు. మన వైపు వానలప్పుడు కుమ్మరి పురుగు మట్టి గూడు పెట్టడం కూడా మామూలే.

రెగ్యులేటర్ నాబ్ ఆఫ్ చేయండి. బర్నర్ చల్లారాక మూత, గిన్నె కాళ్ళ స్టాండు తీసేయండి. మూడు బర్నర్ల గాజు పొయ్యికి గొట్టం కింది నుంచి ఒకటి రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. పొయ్యిని పక్కకి వాల్చేముందు బండ నుంచి వచ్చే రబ్బరు ట్యూబు విప్పాలి, గాజు కింద మెత్తటి గుడ్డ వేయాలి. గొట్టం ఊడదీసి వెలుతురుకి పెట్టి చూడండి, అటు నుంచి ఇటు కనపడాలి. సీసాలు కడిగే సన్న బ్రష్‌తో తోసి, గోరువెచ్చని సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తడి మిగిలితే మంట మళ్ళీ ఎగుడుదిగుడుగా వచ్చి, పని జరగలేదని మీరే అనుకుంటారు. ఎండలో రెండు గంటలు పెట్టడం మేలు.

బర్నర్ మూత ఇత్తడిదైతే చింతపండు, ఉప్పు వేసి తోమి, రంధ్రాలు ఒక్కొక్కటీ సన్నని చీపురు పుల్లతో పొడవండి. జెట్ జోలికి మాత్రం సూదితో వెళ్ళొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాసు ఎక్కువ చిమ్ముతుంది, గాలి సరిపోదు, మళ్ళీ పసుపే. అప్పుడు జెట్ మార్చడమే. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న నంబరే అడగాలి, మధ్యరకం బర్నర్‌కి పెద్ద బర్నర్ జెట్ బిగిస్తే గిన్నెలన్నీ నల్లబడతాయి.

అన్ని పసుపులూ ఒకటి కాదు, ఇది గమనించండి. నీలి మంటలో అక్కడక్కడ నారింజ రంగు మెరుపులు వచ్చి పోతే అది పొంగిన ఉప్పు నీళ్ళ వల్ల, లేదా పైన ఊడ్చిన దుమ్ము వల్ల. ఉప్పులోని సోడియం ఆ రంగునిస్తుంది. గిన్నె నల్లబడదు. మసి పెట్టేది అలా మెరిసి పోదు, నాలుక కొస ఎప్పుడూ పసుపుగా మెత్తగా ఊగుతూ ఉంటుంది. రాత్రి దీపం ఆర్పి చూడండి. మంచి మంటకి లోపల పదునైన లేత నీలి మొన, చుట్టూ పల్చని నీలి పొర కనపడతాయి. మొన గిన్నె అడుగుకి అంటీ అంటనట్టు ఉండాలి. గిన్నె మరీ కిందకి దిగి మొనని నొక్కేస్తే నీలి మంట అయినా సరిగా కాలదు. స్టాండు కాళ్ళు వంగినా, వేరే పొయ్యి స్టాండు పెట్టినా ఇదే జరుగుతుంది.

మూడు బర్నర్లూ ఒకేసారి పసుపైతే మాత్రం గొట్టం కాదు. రెగ్యులేటర్‌నో, బండ చివరికొచ్చిందనో చూడాలి. బండ అడుగుకి వచ్చాక బరువైన భాగం మిగిలి మంట కొసలు కాస్త రంగు మారతాయి, కొత్త బండతో పోతుంది.

సిమ్ ఆరిపోవడం వేరే రోగం. ఆఫ్ నుంచి నాబ్ ఎడమకి తిప్పితే ముందు హై, ఇంకా తిప్పితే చివరన సిమ్. సిమ్‌లో గ్యాసు కాక్ లోపలి చిన్న రంధ్రం గుండా మాత్రమే వస్తుంది. కాక్‌కి రాసిన గ్రీజు ఏళ్ళ తరబడి వేడికి గట్టిపడి ఆ రంధ్రం మూస్తుంది. కాక్ విప్పి పాత గ్రీజు తుడిచి, గ్యాస్ కాక్‌లకి వాడే గ్రీజే పల్చగా రాయాలి. ఇది మెకానిక్ చేతే చేయించండి. కాక్ సరిగా కూర్చోకపోతే లీకు. బిగించాక సబ్బు నురగ రాసి బుడగలు రావడం లేదని చూసే వరకూ అతన్ని పంపొద్దు. లీకు అనుమానం వస్తే 1906కి ఫోన్ చేయండి, లైటు స్విచ్ వేయడం గానీ ఆపడం గానీ చేయొద్దు. గ్యాసు గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది.

ఇంకో మాట. సిమ్ ఆరిపోతోందని కొందరు ఆఫ్‌కీ హైకీ మధ్యలో నాబ్ ఆపి సన్న సెగ చేసుకుంటారు. దయచేసి అలా చేయొద్దు. అక్కడ కాక్ నిలకడగా ఆగదు. చెయ్యి తగిలినా, గిన్నె అదిరినా మంట ఆరి గ్యాసు వస్తూనే ఉంటుంది.

కొరాపుట్_కొండమీద:

పై ఇద్దరూ చెప్పినవి సరైనవే. నేను పప్పు, కూర లాంటి నీళ్ళ వంటల గురించి కలుపుతాను, ఎందుకంటే గ్యాసు ఎక్కువ పోయేది అక్కడే.

నీళ్ళు ఒకసారి మరిగాక మంట పెంచినా వాటి వేడి పెరగదు, ఆవిరి పెరుగుతుంది అంతే. పప్పు తెర్లుతూ ఎగిరెగిరి పడినా, మెల్లగా కుతకుతమన్నా ఉడికే వేగం ఒకటే. లెక్క చూడండి. పొయ్యిలకి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4246 అడిగే కనీస సామర్థ్యం 68 శాతం, అంటే గ్యాసు వేడిలో గిన్నెకి చేరే వంతు. ఆ లెక్కన 1 లీటరు నీళ్ళు 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాగడానికి 9 లేక 10 గ్రాముల గ్యాసు చాలు. అవే నీళ్ళు పూర్తిగా ఆవిరైపోవాలంటే ఇంకో 70 గ్రాముల పైన కావాలి. అంటే మూత లేకుండా హైలో మరిగిస్తుంటే గ్యాసు పప్పుకి కాదు, కిటికీలోంచి పోయే ఆవిరికి ఖర్చవుతోంది.

పద్ధతి ఇది. పెద్ద బర్నర్ మీద మూత పెట్టి హైలో మరిగించండి. మరగగానే చిన్న బర్నర్‌కి మార్చి, మూత ఓరగా తెరిచి, పైన ఒకటి రెండు చోట్ల బుడగ లేచేంత సెగ ఉంచండి. పచ్చి అరటికాయ, బొప్పాయి, కందతో చేసే దాల్మాకీ, పప్పుచారుకీ, పనసపొట్టు ఉడికించడానికీ ఇదే.

మా కొరాపుట్ 870 మీటర్ల ఎత్తు. ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గుణుపురం నుంచి వచ్చినవాళ్ళు కందిపప్పు ఉడకడం లేదని మంట పెంచుతారు, లాభం లేదు. కుక్కరే మందు. వెయిట్ పెట్టిన కుక్కర్ లోపల మైదానంలో 120 డిగ్రీల దాకా వస్తుంది, ఇక్కడ ఒకటి రెండు డిగ్రీలే తక్కువ.

కుక్కర్ మంట గురించీ చెప్పాలి. 5 లీటర్ల కుక్కర్ అడుగుకి మధ్యరకం బర్నరే సరిపోతుంది. మొదటి కూత దాకా హై, తరువాత సిమ్. కూతలు లెక్కపెడుతూ హైలోనే ఉంచితే పప్పు నురగ ఆవిరి గొట్టంలోకి ఎక్కి వెయిట్ దగ్గర చిమ్ముతుంది, ఆ చిమ్మిందే మీ బర్నర్ గొట్టంలోకి కారి ఎండుతుంది. పప్పు, నీళ్ళు కలిపి కుక్కర్‌లో సగం దాటకూడదు. కందిపప్పు అరగంట నానబెడితే మొదటి కూత తరువాత సిమ్‌లో ఎనిమిది నిమిషాలకే మెత్తబడుతుంది.

చలికాలం ఉదయం ఇక్కడ మంట నీరసంగా వస్తే అది పొయ్యి తప్పు కాదు. గ్యాసు ద్రవం నుంచి ఆవిరయ్యేటప్పుడు బండ తన వేడినే పోగొట్టుకుంటుంది. చలిలో, బండ అడుగుకి వచ్చాక, రెండు పెద్ద మంటలు ఒకేసారి వాడితే ఒత్తిడి పడిపోతుంది. ఒక బర్నర్ ఆపితే రెండోది సర్దుకుంటుంది. బండ మీద వేడినీళ్ళు పోయడం, పడుకోబెట్టడం రెండూ ప్రమాదం. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది.

గుణుపురం_వంటిల్లు:

అందరికీ ధన్యవాదాలండి. మధ్యరకం బర్నర్ గొట్టంలో నిజంగానే మట్టి గూడు ఉంది, చిటికెన వేలంత. తోసేసి కడిగి ఎండబెట్టాక మంట నీలంగా వస్తోంది. సిమ్ మాత్రం ఇంకా ఆరుతోంది, ముఖ్యంగా హై నుంచి గబుక్కున తిప్పినప్పుడు. ఇంకొకటి, ఆపేటప్పుడు పెద్ద బర్నర్ నుంచి "టప్" మని చప్పుడు వస్తోంది. అది ప్రమాదమా?

పర్లాకిమిడి వారికి ఒక సందేహం. దిబ్బరొట్టెకి మూకుడు అస్తమానం జరపడం మా అత్తయ్యగారి చేతికి కష్టం. వేరే దారి ఉందా?

రాయగడ_జెట్టు_కాకు:

హై నుంచి గబుక్కున తిప్పితే ఆరుతుంటే కాక్ రంధ్రమే, పైన చెప్పినట్టు సర్వీసు చేయించండి. ముందు ఫ్యాను ఆపి ఒకసారి చూడండి, సీలింగు ఫ్యాను గాలికి కూడా సిమ్ ఆరుతుంది. సర్వీసు అయ్యాక పరీక్ష ఇది: హైలో రెండు నిమిషాలు మండనిచ్చి ఒక్కసారిగా సిమ్‌కి తిప్పండి, పది సార్లూ నిలవాలి. మంట గుండ్రంగా ఏ రంధ్రమూ తప్పకుండా కనపడాలి.

"టప్" మన్నది, ఆపగానే గ్యాసు జోరు తగ్గి మంట రంధ్రాల్లోంచి లోపలికి దూకి ఆరడం. అప్పుడప్పుడు వస్తే భయం లేదు. ప్రతిసారీ వస్తుంటే మూత సరిగ్గా కూర్చోలేదు, లేదా రంధ్రాలు అరిగి పెద్దవయ్యాయి. మూత కింది గాడి శుభ్రం చేసి, తిప్పి చూసి కదలకుండా పెట్టండి. కదులుతూనే ఉంటే కొత్త మూత. మండుతుండగానే లోపల బుస్సుమని చప్పుడు, పైన మంట కనపడకపోతే అది జెట్ దగ్గరే మండుతోందన్నమాట. వెంటనే ఆపి, అంతా చల్లారాక మూత, గొట్టం చూసి మళ్ళీ వెలిగించాలి. అలా మండనిస్తే గొట్టమే కరిగిపోగలదు.

పనిలో పనిగా ట్యూబు మీద తేదీ చూడండి. లోపల తీగల అల్లిక ఉన్న నారింజ రంగు ట్యూబు కూడా 5 ఏళ్ళకి మార్చాలి, పైకి బాగున్నట్టే కనిపించినా.

బరంపురం_గిన్నెలకొట్టు:

నాలుగు బర్నర్ల మాట అడిగారు. ఇంట్లో నలుగురైదుగురు ఉంటే మూడే చాలు, కానీ కొనేముందు గిన్నెలు కొలవండి. పొయ్యి ఎంత పొడుగన్నది కాదు, రెండు బర్నర్ల నడిమికి మధ్య దూరం ఎంతన్నది ముఖ్యం. పెనం 30 సెంటీమీటర్లు, కుక్కర్ 24 అనుకుంటే రెంటినీ కలిపి సగం చేయండి, 27. దానికి పిడికీ చెయ్యికీ ఇంకో 4 కలపండి. నడిమి నుంచి నడిమికి 31 సెంటీమీటర్ల కంటే తక్కువున్న పొయ్యి మీద ఆ రెండూ పక్కపక్కన కుదరవు. నాలుగు బర్నర్లని ఇరికించిన పొట్టి పొయ్యిలో ఒకేసారి రెండే వాడగలుగుతారు.

గాజు పలక చూడముచ్చటగా ఉంటుంది గానీ అట్లు ఎక్కువగా వేసే ఇంటికి నేను స్టీలుదే చెబుతాను. పెద్ద పెనం కింద మంట బయటికి పోయే దారి లేక వేడి పలక మీదికి తిరిగి కొడుతుంది, ఆ వేడి మీద చల్లని తడిగుడ్డ పడితే గాజు పగలవచ్చు. గాజు పొయ్యి ఉన్నవాళ్ళు తుడిచేముందు చల్లారనివ్వండి.

ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. బర్నర్ మూతలు ఇత్తడివి అడగండి, చేత్తో ఎత్తి బరువు చూడండి. పల్చటివి వేడికి వంకరపోతాయి. ఎల్.పి.జి.కి చేసిందేనా అని కూడా చూడాలి. పైపు గ్యాసు పొయ్యికి జెట్ రంధ్రం పెద్దది, దాన్ని బండకి తగిలిస్తే మంట మూరెడు లేస్తుంది. అలాగే పెళ్ళి వంటల భట్టీకి వాడే పెద్ద ఒత్తిడి రెగ్యులేటర్ ఇంటి పొయ్యికి ఎన్నడూ పెట్టకూడదు.

మూకుడు సంగతి. దిబ్బరొట్టెకి అడుగు కాస్త బల్లపరుపుగా ఉన్న పోత ఇనుము మూకుడు తీసుకోండి, కనీసం 4 మిల్లీమీటర్ల మందం. సంతలో దొరికే రేకు మూకుళ్ళు వేపుళ్ళకి బాగుంటాయి, దిబ్బరొట్టెకి పనికిరావు. పోత ఇనుము కూడా నెమ్మదిగానే పంచుతుంది గానీ మందం వల్ల సెగ అడుగంతా పాకడానికి వ్యవధి దొరుకుతుంది.

పర్లాకిమిడి_సెగ:

అత్తయ్యగారి కోసం చెబుతున్నాను. బల్లపరుపు మూకుడు తీసుకుంటే జరపనక్కర్లేదు. మధ్యరకం బర్నర్ మీద పాత ఇనప పెనం పెట్టి, దాని మీద మూకుడు పెట్టండి. మంట పెనానికి తగులుతుంది, పెనం మూకుడుకి సమంగా ఇస్తుంది. చుట్టూ సెగ సమంగా వస్తుంది కాబట్టి మూకుడు తిప్పే పని ఒక్కసారే, మధ్యలో. పెనం వేడెక్కడానికి మొదట ఏడెనిమిది నిమిషాలు ఎక్కువ పడుతుంది, మొత్తం వంట అరగంట అవుతుంది. సిమ్ సరిగా పనిచేసేదాకా మాత్రం ఇది మొదలుపెట్టొద్దు. కింద మంట పెనం చాటున ఉంటుంది కాబట్టి ఆరినా కనపడదు.

మూత లోపల చేరే ఆవిరి నీళ్ళు రొట్టె మీద పడి పైభాగం జిగటగా తయారవుతుంది, అందుకని పది నిమిషాలకొకసారి మూత పక్కకి వంచి తీసి తుడిచి పెట్టమనండి. ఎత్తేటప్పుడు రొట్టె మీదుగా కాదు, తన వైపు కాకుండా అవతలి వైపుకి వంచాలి, ఆవిరి చేతికి కొట్టదు.